రెట్టింపు విశ్రాంతి

కొలతల ధ్రువీకరణ మండలి జిల్లా ఆఫీసులో పనిచేసేవాళ్ళు దేన్నీ తూచకుండా నమ్మరు. అది వాళ్ళ తప్పు కాదు, ఉద్యోగం అలాంటిది. పొద్దున్నే కూరగాయల బజారుకు వెళ్ళి తక్కెళ్ళు పైకెత్తి చూస్తారు, కిరాణా కొట్లలో తూనికరాళ్ళు తిరగేస్తారు, పెట్రోలు బంకుల్లో అయిదు లీటర్ల డబ్బా నింపిస్తారు. సరిగ్గా ఉంటే ముద్ర, లేకపోతే కేసు. ఇంటికొచ్చాక పాలవాడు పోసిన పాలు గీత దాకా వచ్చాయా లేదా అని వంగి మరీ చూస్తారు. వాళ్ళ పెళ్ళాలు దీనికి సిగ్గుపడటం మానేసి చాలా ఏళ్ళయింది.

ఆ ఆఫీసులో చెంచురామయ్య ఇరవై తొమ్మిదేళ్ళుగా అసిస్టెంటు. ముద్రల పెట్టె, లక్క, కొలిచే సామాను అన్నీ ఆయన చేతికిందే ఉంటాయి. చాలా మంచివాడు. ఒక్కటే జబ్బు. పైనుంచి ఆర్డరు రాకపోతే ఆయనకు కాలు కదలదు. తుమ్ము వచ్చినా ఒకసారి సూపరింటెండెంటు గదివైపు చూసి తుమ్ముతాడని తోటివాళ్ళు అంటారు గానీ అందులో కొంత అతిశయోక్తి ఉంది.

ఆయన భార్య మాలకొండమ్మ అంగన్‌వాడీ టీచరు. రోజూ పాతికమంది పిల్లలను కూర్చోబెట్టి సముద్రం మీద పాట పాడిస్తుంది. ఒకరోజు నాలుగేళ్ళ పిల్ల ఒకతి లేచి, "టీచరమ్మా, సముద్రం ఎంతుంటది?" అంది. మాలకొండమ్మ రెండు చేతులూ బారచాపి, "ఇంత!" అంది. ఆ పిల్ల కాసేపు చూసి, "మా నాయన ట్రాక్టరు అంతకన్నా పెద్దది," అని కూర్చుంది. మాలకొండమ్మకు ఆ మాట గుచ్చుకుంది. సముద్రాన్ని ఆమె ఎన్నడూ చూడలేదు. తెలియని సంగతిని పిల్లలకు చెబుతున్నానే అన్న బాధ ఆమెను వదల్లేదు. అప్పట్నుంచి మొగుడిని అడుగుతూనే ఉంది. ఆయన, "ఆడిట్ అయిపోనీ," అనేవాడు. ఆడిట్ అయిపోయాక, "ఎలక్షన్ డ్యూటీలు తేలనీ," అనేవాడు. అవీ తేలాక, "సెలవు సాంక్షన్ కావద్దూ?" అనేవాడు. పెళ్ళయి ఇరవై ఆరేళ్ళయింది.

ఇట్లా ఉండగా ఆఫీసు ఉద్యోగుల సంఘంవాళ్ళు హాయిలోకం వెకేషన్ క్లబ్బులో ఒక సిల్వర్ సభ్యత్వం తీసుకున్నారు. ఏడాదికి ఒక వారం, సముద్రం ఒడ్డున ఒక గది. ఎవరు వెళ్ళాలో చీటీలు తీసి తేలుస్తారు. మొదటి ఏడు చీటీ డిప్యూటీ కంట్రోలర్ పరాంకుశం గారి పేరు మీద వచ్చింది. రెండో ఏడూ ఆయన పేరే వచ్చింది. చీటీలు తీసిందీ ఆయనే కాబట్టి, ఆ చేతికి ఆ పేరు అలవాటైపోయి ఉంటుందని జనం సరిపెట్టుకున్నారు. మూడో ఏడు ఆయన జ్వరంతో రాలేదు. అటెండరు బాలకోటయ్య చీటీ తీశాడు. చెంచురామయ్య పేరొచ్చింది. ఫిబ్రవరి రెండో సోమవారం మొదలు ఏడు రోజులు.

మాలకొండమ్మ ఆ వార్త విని పొయ్యి మీద పప్పు మాడబెట్టింది. ఉప్పునీళ్ళకు చీర రంగు పోతుందా అని నలుగురిని అడిగింది. సీసాలో సముద్రపు నీళ్ళు తెచ్చి చూపిస్తానని పిల్లలకు మాటిచ్చింది. ఆ ట్రాక్టరు పిల్లను ప్రత్యేకంగా పిలిచి మరీ చెప్పింది.

జనవరిలో క్లబ్బునుంచి నిగనిగలాడే కాగితం మీద ఒక ఉత్తరం వచ్చింది. "ప్రియమైన సభ్యులారా! మీ సిల్వర్ సభ్యత్వాన్ని నేడే డైమండ్‌కు అప్‌గ్రేడ్ చేసుకోండి. రెట్టింపు విశ్రాంతి! గ్యారంటీ!" పై సొమ్ము కడితే చాలునట. మామూలు ఆఫీసులో అయితే పదిమంది టీ దగ్గర వాదించుకుని, సగంమంది అవుననీ సగంమంది కాదనీ అని, చివరికి ఊరుకునేవాళ్ళు. ఇక్కడ ఆ కాగితం పరాంకుశం గారి బల్లమీదకు వెళ్ళింది. ఆయన 'రెట్టింపు' అన్న మాట చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, మీటింగు పిలిచారు.

"ఈ అప్‌గ్రేడ్ తీసుకోవాలా వద్దా అన్నది సభ్యుల ఇష్టాయిష్టాలకు సంబంధించిన విషయం కాదు," అన్నారు పరాంకుశం గారు, నిలబడి. "రెట్టింపు అంటే పరిమాణం. పరిమాణం ఎక్కడ ఉంటుందో అక్కడ మండలి ఉంటుంది. పది గ్రాముల తేడాకు చింతపండు వ్యాపారిని కోర్టుకు లాగిన మనం, తూచని విశ్రాంతిని కొనుక్కుంటే రేపు ఆ వ్యాపారికి మొహం ఎలా చూపిస్తాం? కావున సదరు విశ్రాంతిని కొలిచి, అది నిజంగా రెట్టింపు అవునో కాదో తేల్చేవరకు సదరు క్లబ్బుతో సమస్త లావాదేవీలూ నిలుపుదల చేయడమైనది."

చెంచురామయ్య వెనకనుంచి సగం లేచాడు. "అయ్యా, మరి నా వారం..."

"నీ వారం కూడా లావాదేవీయేగా చెంచురామయ్యా?"

అవునే అనిపించి ఆయన కూర్చున్నాడు.

ఇంట్లో మాలకొండమ్మ అంత తేలిగ్గా కూర్చోలేదు. "అప్‌గ్రేడ్ అంటే ఏంది?" అంది.

"ఇప్పుడున్నదానికన్నా మంచిది."

"ఇప్పుడున్నదే మనం చూళ్ళేదుగా. ఇంకోటి దానికన్నా మంచిదని ఎట్టా తెలుస్తది?"

"అదే కొలుస్తున్నారు," అన్నాడు చెంచురామయ్య. మాలకొండమ్మ ఆయన్ని జాలిగా చూసింది.

కొలవాలంటే ముందు కొలమానం ఉండాలి కదా. సూపరింటెండెంటు సుందరశివరావు గారి ఆధ్వర్యంలో ఒక కమిటీ వేశారు. ఈయన నోటు రాయడంలో దిట్ట. వానపడిందని రాయమంటే, 'పైనుంచి నీరు వచ్చినట్లు కనబడుచున్నది, ఉత్తర్వులకు సమర్పించడమైనది' అని రాస్తారు. కమిటీ ఎనిమిది రోజులు కూర్చుంది. ఒకరు నిద్రపోయిన గంటలను బట్టి కొలుద్దామన్నారు. తాగినవాడు కూడా నిద్రపోతాడని దాన్ని కొట్టేశారు. ఇంకొకరు గురకను బట్టి కొలుద్దామన్నారు. గురక పెట్టేవాడి విశ్రాంతి కొలవాలా, పక్కవాడిది కొలవాలా అన్న మీమాంసలో అదీ పోయింది. తొమ్మిదో రోజున సుందరశివరావు గారే తేల్చారు. పనిదినాన, భోజనానంతరం, రెండు గంటలు మొదలు మూడు గంటల వరకు, మండలి ఉద్యోగి తన సొంత కుర్చీలో పొందు విశ్రాంతి ఎంతో, అంతటిని ఒక ప్రామాణిక కునుకుగా పరిగణించవలెను. ఆఫీసులో ఒక్కరు కూడా అభ్యంతరం చెప్పలేదు. అందరికీ అనుభవంలో ఉన్న కొలత అది.

కునుకును చూసే సాధనంగా వెర్నియర్ కాలిపర్ ఖాయమైంది. ఇనుప రేకు మందాన్ని మిల్లీమీటరులో పదో వంతు దాకా చెప్పే పనిముట్టు అది. విశ్రాంతికి ముందు మనిషి నొసటి ముడతల లోతు ఎంత, తరవాత ఎంత, రెంటికీ తేడా ఎంత? ఆ తేడాయే విశ్రాంతి.

లోకంలోని కిలోరాళ్ళన్నిటికీ మూలమైన అసలు కిలోను ఎలా గాజు గంట కింద భద్రంగా పెడతారో, అసలు కునుకును కూడా అలాగే పెట్టాలన్నారు పరాంకుశం గారు. ఆఫీసులో కునుకు తీయడంలో అటెండరు బాలకోటయ్యను మించినవాడు లేడు. ఫైలు చేతిలో పట్టుకుని, గోడకు ఆనుకుని, నిలబడి నిద్రపోగల మనిషి. ఆయనను ప్రమాణ కునుకుగా నియమిస్తూ ఆర్డరు వేసి, ప్రమాణాల గదిలో అద్దాల వెనక కుర్చీ వేసి కూర్చోబెట్టారు. తలుపు మీద 'తాకరాదు' అని రాశారు. రెండు గంటలకు అందరూ అద్దానికి ముఖాలు ఆనించి చూస్తున్నారు. సుందరశివరావు గారు కాలిపర్ పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. సర్వీసులో మొట్టమొదటిసారిగా బాలకోటయ్యకు నిద్ర పట్టలేదు.

మర్నాడూ పట్టలేదు. మూడో రోజుకు కళ్ళకింద నల్లటి చారలు వచ్చాయి. "అయ్యా, నన్ను మళ్ళీ అటెండరును చేయండి, మీ కాళ్ళకు మొక్కుతా," అని ఏడ్చాడు. నొసటి ముడతలు రోజురోజుకూ లోతెక్కుతున్నాయి. ప్రమాణమే పెరిగిపోతోందని, ఇట్లాగే వదిలేస్తే దేశంలో ఉన్న కునుకులన్నీ తక్కువ తూకం కింద లెక్క తేలతాయని సుందరశివరావు గారు కంగారుపడి నోటు పెట్టారు. మూడు రోజుల సగటు తీసి ఒక కాగితం మీద రాసుకుని, బాలకోటయ్యను వదిలిపెట్టారు. ఆయన ఆ మధ్యాహ్నం మెట్లమీద కూర్చుని రెండు కునుకులకు తక్కువ కాకుండా నిద్రపోయాడు గానీ అప్పటికి కొలిచేవాళ్ళు వెళ్ళిపోయారు.

ఇక సిల్వర్ విశ్రాంతిని కొలవాలి. దానికి ఒక మనిషి అక్కడికి వెళ్ళి విశ్రాంతి తీసుకోవాలి. చెంచురామయ్య కుర్చీలో ముందుకు జరిగాడు. పరాంకుశం గారు ఆయనను నమూనాగా తీసుకోవడానికి ఒప్పుకున్నారు కూడా. అప్పుడు సుందరశివరావు గారు చిన్న సందేహం వెలిబుచ్చారు.

"నమూనా సతీసమేతంగా వెళ్తుందని వినికిడి. అప్పుడు కొలతకు వచ్చేది స్థూల విశ్రాంతి అవుతుంది. నికర విశ్రాంతి కావాలంటే ప్యాకింగు బరువు తీసేయాలి కదండీ."

"ప్యాకింగు ఎవరు?" అన్నారు పరాంకుశం గారు.

"భార్య."

గదిలో అందరూ తలూపారు. నూనె డబ్బా తూచినప్పుడు డబ్బా బరువు తీసేస్తారు. ఇందులో తప్పేముంది? భార్య వల్ల కలిగే విశ్రాంతి ఎంత, లేక భార్య వల్ల తగ్గే విశ్రాంతి ఎంత అన్నది ముందుగా ఇంటి దగ్గరే తేల్చాలని తీర్మానించారు.

ఆదివారం పొద్దున సుందరశివరావు గారు కాలిపర్ చంకన పెట్టుకుని చెంచురామయ్య ఇంటికి వచ్చారు. చెంచురామయ్యను కుర్చీలో కూర్చోబెట్టి నొసలు కొలిచారు. "అమ్మా, ఇప్పుడు మీరు ఒకసారి ఇలా వచ్చి పక్కన కూర్చోండి," అన్నారు.

"ఎందుకండీ?"

"మిమ్మల్ని ప్యాకింగు కింద తీసుకున్నామమ్మా. మీ ప్రభావం తీసేయాలి."

మాలకొండమ్మ చీపురు కిందపెట్టి, కొంగు బిగించింది. "ఇరవై ఆరేళ్ళు వండి పెట్టింది ప్యాకింగా? ఆయన చొక్కాకి గుండీలు కుట్టింది ప్యాకింగా? మీ ఇంట్లో ఆమెను కూడా ఇట్టాగే డబ్బా కింద తీసేశారా అయ్యగారూ?"

సుందరశివరావు గారు ఆ క్షణంలో చెంచురామయ్య నొసలు కొలిచి, 'భార్యాసమక్షమున ముడతలు పెరిగినవి' అని రాసుకుని, కాఫీ తాగకుండా వెళ్ళిపోయారు. ఆ తరవాత మాలకొండమ్మ పెట్టెలోంచి కొత్తచీర తీసి చూసుకుని, మళ్ళీ మడతపెట్టి లోపల పెట్టేసింది. అది చూసి చెంచురామయ్యకు ఏదో ఒకటి చేయాలనిపించింది. కానీ ఏ ఆర్డరు కింద చేయాలో తెలియలేదు.

క్లబ్బునుంచి రిలేషన్‌షిప్ మేనేజరు తేజస్విన్ అనే కుర్రవాడు అప్‌గ్రేడ్ సంతకాల కోసం టై కట్టుకుని వచ్చాడు.

"సార్, డైమండ్ అనేది సభ్యత్వం కాదు సార్," అన్నాడు ఉత్సాహంగా. "అదొక లైఫ్‌స్టైల్. మిమ్మల్ని మీ లోపలి మీతో కనెక్ట్ చేసే ఒక జర్నీ సార్."

"ప్రయాణమైతే కిలోమీటర్లలో చెప్పండి," అన్నారు పరాంకుశం గారు.

కుర్రవాడు నవ్వాడు. ఎవరూ నవ్వకపోవడం చూసి ఆపేశాడు.

"రెట్టింపు అన్నారు. సిల్వర్‌లో ఎన్ని కునుకులు ఉంటే డైమండ్‌లో అంతకు రెట్టింపు?"

"సార్, అది... అది ఫీలింగ్ సార్."

"ఫీలింగును ప్యాకేజీ చేసి అమ్ముతున్నారా లేదా?"

"ప్యాకేజీయే సార్. మూడు ప్యాకేజీలున్నాయి."

"అయితే ప్యాకేజీ మీద నికర పరిమాణం, తయారైన తేదీ, ఎన్నాళ్ళలోగా వాడాలి, ఫిర్యాదు ఎవరికి చేయాలి, ఇవన్నీ ఉండాలి. ఎక్కడున్నాయి?"

కుర్రవాడు చెమట తుడుచుకుంటూ కాగితం అడుగున ఉన్న చిన్న నక్షత్రం గుర్తు చూపించాడు. దాని పక్కన చీమతలకాయంత అక్షరాలు ఉన్నాయి. పరాంకుశం గారు భూతద్దం తెప్పించారు. 'షరతులు వర్తిస్తాయి' అని ఉంది. ఆయన కాలిపర్ తీసి అక్షరాల ఎత్తు కొలిచారు. అర మిల్లీమీటరు. ఒక మిల్లీమీటరుకు తగ్గరాదని మండలి నిబంధన. ఆయన ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్ళూ దొరకనిది దొరికింది.

"కేసు రాయండి," అన్నారు.

కేసు రాస్తే సరుకు జప్తు చేయాలి. సరుకు అంటే సముద్రం ఒడ్డున ఉన్న గది. జప్తు ఎప్పుడు చేయాలి? ఆ గదిలో సంఘం పేరు మీద రాసిపెట్టిన వారం ఫిబ్రవరి రెండో సోమవారం మొదలవుతుంది. ఆ వారం అందులో ఎవరూ ఉండరు కాబట్టి అప్పుడే వెళ్ళి సీలు వేయడం అందరికీ సౌకర్యం. చెంచురామయ్య ముద్రల పెట్టె, లక్క, కొవ్వొత్తి తీసుకుని జీపులో రావలెను. తన వారానికి తానే వెళ్ళి సీలు వేయాలన్నమాట. ఆయన ఆర్డరు అందుకుని సంతకం పెట్టాడు.

ఒక్క చిక్కు మిగిలింది. పంచనామాకు ఇద్దరు స్వతంత్ర సాక్షులు కావాలి. ఒకరు అక్కడే దొరుకుతారు. రెండోవారు ఇక్కడినుంచి వెళ్ళాలి. బజారులో ఎవరినడిగినా, తరవాత కోర్టుచుట్టూ ఎవరు తిరుగుతారని తప్పించుకున్నారు. అప్పుడు చెంచురామయ్య జన్మలో మొదటిసారి ఎవరూ అడగకుండా ఒక సలహా చెప్పాడు.

"అయ్యా, మా ఇంటావిడ చదువుకున్నదండీ. సంతకం పెడుతుంది."

"ఆవిడ ప్యాకింగు కదయ్యా?" అన్నారు పరాంకుశం గారు.

కానీ సుందరశివరావు గారు కళ్ళజోడు సవరించుకుని, "అదే ఇక్కడ మనకు అనుకూలమండీ," అన్నారు. "ప్యాకింగుకు సరుకులో వాటా ఉండదు. ఆమెకన్నా స్వతంత్ర సాక్షి మనకు దొరకదు." ఆయన రాసిన నోట్లన్నిటిలోకీ లోకానికి పనికొచ్చింది ఇదొక్కటే.

సోమవారం తెల్లవారి జీపు బయల్దేరింది. ముందు పరాంకుశం గారు, వెనక సుందరశివరావు గారు, ఎదురుగా కొత్తచీరలో మాలకొండమ్మ, ఆమె పక్కన ఒళ్ళో పెట్టెతో చెంచురామయ్య. పదిన్నరకు గాలిలో ఉప్పు వాసన తగిలింది. మాలకొండమ్మ మొగుడి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

జీపు ఆగగానే క్లబ్బు గెస్ట్‌హౌసు మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. విషయం విని హెడ్డాఫీసుకు ఫోను చేసి వచ్చి, "సార్, డైమండ్ అప్‌గ్రేడ్ ఫ్రీగా ఇచ్చేస్తామంటున్నారు సార్. వదిలేయండి," అని బతిమాలాడు.

"ఉచితం అంటే సున్నా," అన్నారు పరాంకుశం గారు. "సున్నాకు రెట్టింపు ఎంతో మీరే చెప్పండి."

సుందరశివరావు గారు గదిలో నిలబడి పంచనామా రాయడం మొదలుపెట్టారు. "మంచము ఒకటి. తలగడలు నాలుగు. ఏసీ ఒకటి. కిటికీ ఒకటి. కిటికీలోంచి కనబడు సముద్రము..." అని ఆగారు. "సముద్రం రాయాలాండీ?"

"క్లబ్బు కాగితంలో ఉందా?"

"'సముద్రంతో కూడిన గది' అని ఉందండీ."

"అయితే సరుకులో భాగమే. స్థిరాస్తి కింద రాయండి."

"కదులుతోందండీ."

పరాంకుశం గారు కిటికీ దగ్గరకు వచ్చి చూశారు. నిజంగానే కదులుతోంది. "చరాస్తి కింద రాయండి," అన్నారు.

"చరాస్తి అయితే జప్తు చేసి మన స్టోరులో భద్రపరచాలండీ. అక్కడ పాత తక్కెళ్ళతో చోటు లేదు."

చాలాసేపు తర్జనభర్జన జరిగింది. చివరికి సముద్రానికి ఎదురుగా 'వర్తించదు' అని రాశారు. సాక్షి సంతకం కోసం చూస్తే సాక్షి లేదు. "చెంచురామయ్యా, మీ ఆవిడను పిలుచుకురా," అన్నారు.

చెంచురామయ్య మెట్లు దిగి, ఇసకలో నడిచాడు. మాలకొండమ్మ పాదాలు మునిగేంత నీళ్ళలో నిలబడి ఉంది. అల వచ్చి వెనక్కి పోతుంటే కాళ్ళకింద ఇసక జారి, ఆమె చిన్నపిల్లలా కెవ్వున నవ్వుతోంది. ఆయన దగ్గరికి వచ్చాక చూస్తే కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

"ఏమయ్యా, ఇదంతా ఆ గదోళ్ళదా?"

"కాదు."

"మీ ఆఫీసోళ్ళదా?"

"కాదు. ఎవరిదీ కాదు."

పక్కనే ఒక కుటుంబం దుప్పటి పరుచుకుని కూర్చుని, క్యారియరు విప్పి పులిహోర తింటోంది. ముసలావిడ, ఆమె కోడలు, పిల్లలు. మాలకొండమ్మ ముసలావిడను ఏ ఊరని అడిగింది. ఆవిడ చెప్పిన ఊరు వీళ్ళ ఊరికి రెండు మైళ్ళు. "పొద్దున మొదటి బస్సుకొచ్చాం తల్లీ. మళ్ళా సాయంత్రం బస్సుంది. ఏటా వస్తాం," అంది ఆవిడ.

మాలకొండమ్మ మొగుడివైపు తిరిగింది. "బస్సెక్కితే వస్తదంట," అంది. కోపంగా అనలేదు.

కోప్పడినా బాగుండేదనిపించింది చెంచురామయ్యకు. ఇరవై ఆరేళ్ళలో ఆ బస్సు రోజూ వాళ్ళ వీధి చివరనుంచే వెళ్ళింది. దానికి సభ్యత్వం అక్కర్లేదు, చీటీ తీయక్కర్లేదు. ఆడిట్ అని, ఎలక్షనని, సాంక్షన్ అని ఆపింది తాను. క్లబ్బును తిట్టడానికీ, ఆఫీసును తిట్టడానికీ ఆయనకు ఏమీ మిగల్లేదు. సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

"చెంచురామయ్యా! లక్క గడ్డకడుతోంది!" అని పైనుంచి కేక వినబడింది.

ఇద్దరూ వెళ్ళారు. మాలకొండమ్మ తడి పాదాలతో గదిలో అడుగుపెట్టి, చూపించినచోట సంతకం పెట్టింది. చెంచురామయ్య తలుపుకు లక్క పోసి ముద్ర వేశాడు. పరాంకుశం గారు అటూ ఇటూ చూసి తృప్తిపడి, "ఇక బయల్దేరదాం పదండి," అన్నారు.

"మీరు పోండయ్యా," అంది మాలకొండమ్మ. "మేం తర్వాత బస్సుకొస్తాం."

పరాంకుశం గారు ఆవిడకు జవాబివ్వకుండా చెంచురామయ్యను చూశారు. "సెలవు చీటీ ఏది?"

"రాయలేదండీ."

"మరి ఏ రూలు కింద ఉంటావయ్యా?"

చెంచురామయ్య ముద్రల పెట్టె తెచ్చి సుందరశివరావు గారి చేతిలో పెట్టాడు. "ఆయన చూసి రాస్తార్లెండి," అని, చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి మెట్లు దిగాడు. ఆర్డరు లేకపోయినా కాళ్ళు ముందుకే పోతున్నాయి.

"ఎన్ని రోజులయ్యా?" పరాంకుశం గారు పిట్టగోడ మీదనుంచి వంగి అరిచారు. "కనీసం ఎన్ని రోజులో చెప్పు!"

చెంచురామయ్య అలవాటు కొద్దీ ఆగి, పెళ్ళాన్ని అడిగాడు. "ఎన్ని రోజులుందాం?"

"కొలవబాకయ్యా," అంది మాలకొండమ్మ, చెయ్యి పట్టి నీళ్ళలోకి లాగుతూ.